కోడ్ ఎడిటర్ ఓపెన్ సోర్స్ అంటే ఎంతవరకు ఓపెన్?

మహేంద్రతనయకు ఇవతల పర్లాకిమిడి, ఒడిశా. అవతల పాతపట్నం, ఆంధ్రప్రదేశ్. సాయంత్రాలు నా దగ్గర పైథాన్ నేర్చుకునే పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు వాడుకుంటూ పెరిగినవారే. వారిలో డిగ్రీ రెండో సంవత్సరం చదివే ఒక కుర్రవాడు తండ్రి కిరాణా కొట్టు కోసం ధరల పట్టిక చూపించే చిన్న ప్రోగ్రాం రాస్తున్నాడు. అతని ల్యాప్‌టాప్ పాతది, ర్యామ్ 4 జీబీ. ఓపెన్ సోర్స్ అని విని ఒక ఎడిటర్ వేసుకున్నాడు. పాఠం చెప్పే వీడియోలో కనిపించిన ఎక్స్‌టెన్షన్, అంటే ఎడిటర్‌కు అదనపు సౌకర్యం జోడించే చిన్న ప్రోగ్రాం, దాని స్టోర్‌లో దొరకలేదు. విడిగా దించుకుని ఎక్కించినా పనిచేయలేదు. తేలికగా ఉంటుందని స్నేహితుడు చెబితే టెర్మినల్‌లో, అంటే అక్షరాలతోనే ఆదేశాలిచ్చే తెరలో, నడిచే మరో ఎడిటర్‌కు మారాడు. అందులో "ఉప్పు" అని కొట్టేసరికి కర్సర్ ఒకచోట మెరుస్తోంది, అక్షరం ఇంకోచోట పడుతోంది.

"ఇదేటి మాస్టారూ, రెండూ ఓపెన్ సోర్సే కదా, మరిలా అవుతోందేటి?" అని అడిగాడు.

మొదటి చిక్కు లైసెన్సుకు సంబంధించినది, రెండోది లిపికి సంబంధించినది. చూడడానికి పొంతన లేనట్టున్నా రెండింటి మూలం ఒకటే: ఎడిటర్ అని మనం ఒకే పేరుతో పిలిచే వస్తువు నిజానికి ఒకదాని మీద ఒకటి పేర్చిన అనేక పొరల కట్ట. "ఇది ఓపెనా కాదా" అన్న ప్రశ్నకు ఒక్కో పొర దగ్గర ఒక్కో జవాబు వస్తుంది. ఏఐ సహాయంతో కోడ్ రాసే కొత్త ఎడిటర్లు వరసగా వస్తున్న ఈ రెండు మూడేళ్లలో, వాటిలో చాలా భాగం వీఎస్ కోడ్ అనే ఒకే ఓపెన్ సోర్స్ ఎడిటర్ నుంచి చీలినవే (దాని కోడ్ నకలు తీసుకుని వేరుగా కట్టినవే) కావడంతో, ఈ గందరగోళం మరింత పెరిగింది.

ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు

కోడ్ ఎడిటర్ సాదా పాఠాన్ని రాయడానికి, దిద్దడానికి వాడే సాధనం. ఉత్తరాలు, దరఖాస్తులు తయారుచేసే వర్డ్ ప్రాసెసర్ అక్షరం లావు, సైజు, రంగు కూడా ఫైలులోనే దాస్తుంది. కోడ్ ఎడిటర్ అక్షరాలను మాత్రమే దాస్తుంది. తెర మీద కనిపించే రంగులు, తప్పుల కింద పడే ఎర్ర గీతలు, సగం కొట్టగానే మిగతా మాటను అందించే జాబితా, ఇవన్నీ ఆ ఫైలును చదివి ఎడిటర్ అప్పటికప్పుడు తయారుచేసేవే.

ఈ సాధనాల చరిత్ర పొడుగైనది. 1976లో బిల్ జాయ్ వీఐ రాశారు. రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ఈమాక్స్ 1985లో, బ్రామ్ మూలెనార్ విమ్ 1991లో విడుదలయ్యాయి. గిట్‌హబ్ సంస్థ 2014లో ఏటమ్ తెచ్చింది. మైక్రోసాఫ్ట్ 2015 ఏప్రిల్‌లో వీఎస్ కోడ్‌ను ప్రకటించి, అదే ఏడాది నవంబరులో దాని సోర్స్ కోడ్ బయటపెట్టింది. ఏటమ్ కట్టినవారిలో కొందరు కలిసి రాసిన జెడ్ 2024 జనవరిలో ఓపెన్ సోర్స్ అయింది.

ఓపెన్ సోర్స్ అంటే ప్రోగ్రాం రాసిన మూలపాఠాన్ని (సోర్స్ కోడ్‌ను) ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, మార్చినదాన్ని పంచవచ్చు అని హక్కు ఇచ్చే లైసెన్సు కింద విడుదల చేయడం. డబ్బు తీసుకోకపోవడం దీనికి ఆనవాలు కాదు; మూలపాఠం చూపించకుండా ఊరికే ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఎంతో ఉంది. ఇంగ్లీషులో ఈ రెండు భావాలకూ ఒకే మాట ఉండడం వల్ల అక్కడ దశాబ్దాలుగా వివరణ మీద వివరణ ఇచ్చుకోవలసి వస్తోంది. మనకు ఆ ఇబ్బంది లేదు: ఉచితం, స్వేచ్ఛ అని రెండు వేర్వేరు మాటలు సిద్ధంగా ఉన్నాయి.

లైసెన్సులలో రెండు తరహాలు తెలిస్తే ఈ వ్యాసానికి చాలు. ఎంఐటీ లైసెన్సు చాలా చిన్నది: నా కాపీరైటు ప్రకటనను, ఈ లైసెన్సును ఉంచి ఏమైనా చేసుకోండి, మార్చినదాన్ని మూసిపెట్టి అమ్ముకున్నా సరే అంటుంది. జీపీఎల్ అలా ఒప్పుకోదు: మార్చిన ప్రోగ్రామును ఇతరులకు ఇస్తే, దాని మూలపాఠాన్ని కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాలి అంటుంది. వీఎస్ కోడ్ మూలపాఠం ఎంఐటీ కింద ఉంది. గ్నూ ఈమాక్స్, జెడ్ ఎడిటర్ జీపీఎల్ కింద ఉన్నాయి.

మధ్యలో ఒక మాట చేర్చడం ఎడిటర్‌కు ఎందుకు కష్టం

కొట్టులో ధరల ఫైలు ఉందనుకుందాం. అందులో ఒక వరుస "కందిపప్పు 150". మధ్యలో "కిలో" అన్న మాట చేర్చాలి. ఫైలు మొత్తాన్ని ఒకే పొడవాటి వరుసగా మెమరీలో పెట్టుకుంటే, మధ్యలో ఒక అక్షరం చేర్చిన ప్రతిసారీ దాని తరువాతివన్నీ పక్కకు జరపాలి. పది వరుసల ఫైలులో ఇది తెలియదు. లక్ష వరుసల ఫైలులో మీట నొక్కిన ప్రతిసారీ ఎడిటర్ తడబడుతుంది.

ఈమాక్స్ దీనికి గ్యాప్ బఫర్ అనే పద్ధతి వాడుతుంది. కర్సర్ ఉన్నచోట కొంత ఖాళీ వదిలి, కొట్టిన అక్షరాలను ఆ ఖాళీలో నింపుతుంది. కర్సర్ కదిలితే ఖాళీని అక్కడికి తరలిస్తుంది. మనుషులు ఒకచోట కూర్చుని కొంతసేపు రాసి, ఆ తరువాతే ఇంకోచోటికి వెళ్తారు కాబట్టి ఈ ఏర్పాటు చక్కగా సరిపోతుంది.

మరో పద్ధతి పీస్ టేబుల్. ఇందులో మొదట తెరిచిన పాఠాన్ని అసలు ముట్టుకోరు. కొత్తగా కొట్టినవన్నీ వేరే చోట చేర్చుకుంటూ పోతారు. పై ఉదాహరణలో పాత పాఠం "కందిపప్పు 150" అలాగే ఉంటుంది; కొత్త పాఠంలో "కిలో" ఉంటుంది; మూడో చోట ఒక పట్టిక ఉంటుంది: పాత పాఠంలో కందిపప్పు వరకు, ఆపై కొత్త పాఠంలోని కిలో, ఆపై పాత పాఠంలోని 150. తెర మీద చూపించేటప్పుడు ఆ వరుసలో చదువుకుంటూ పోతారు. ఏదీ చెరిపివేయలేదు గనుక, చేసిన మార్పును వెనక్కి తీసుకోవడమంటే పట్టికను పాత రూపానికి తేవడమే.

వీఎస్ కోడ్ బృందం 2018లో పాత అమరికను వదిలి ఈ పద్ధతిని మెరుగుపరిచిన రూపానికి మారింది. వారు బహిరంగంగా రాసిన కారణం చదవదగ్గది. ఒక వాడుకరి 35 ఎంబీ ఫైలు తెరవలేకపోయారు. ఫైలు పెద్దదేమీ కాదు, కానీ అందులో 1 కోటి 37 లక్షల లైన్లున్నాయి. పాత అమరికలో ఒక్కో లైనుకు ఒక్కో వస్తువును మెమరీలో సృష్టించేవారు. ఒక్కొక్కటి 40 నుంచి 60 బైట్లు తింటే, మొత్తం దాదాపు 600 ఎంబీ అయింది. 4 జీబీ ర్యామ్‌తో నెట్టుకొచ్చేవారికి ఆ 600 ఎంబీ ఎంతో వేరే చెప్పనక్కరలేదు. ఒకరు చేసిన ఫిర్యాదు, దాని విచారణ, దిద్దిన కోడ్ అన్నీ బయట ఉండడం వల్లనే పర్లాకిమిడిలో కూర్చుని ఈ కథను పాఠంగా చెప్పగలుగుతున్నాను.

"ఉప్పు" ఎన్ని అక్షరాలు?

అడిగితే రెండో తరగతి పిల్లవాడు కూడా రెండు అంటాడు: ఉ, ప్పు. కంప్యూటర్‌ను అడిగితే జవాబు ఎవరిని అడిగామన్న దాన్ని బట్టి మారుతుంది.

యూనికోడ్ ప్రపంచ లిపులన్నిటిలోని అక్షరాలకు, గుర్తులకు అంకెలు కేటాయించిన ప్రమాణం. అందులో తెలుగుకు 3072 నుంచి 3199 వరకు 128 స్థానాలున్నాయి. మన పక్కనే ఉండే ఒడియాకు 2816 నుంచి 2943 వరకు అన్నే స్థానాలున్నాయి. "ఉప్పు"ను యూనికోడ్ ఐదు అంకెలుగా దాస్తుంది: ఉ, ప, పొల్లు, ప, కొమ్ము. ఒత్తుకు విడిగా అంకె లేదు. హల్లు, పొల్లు, హల్లు వరసగా వస్తే రెండో హల్లును ఒత్తుగా గీయాలని ఫాంటుకూ, అక్షరాలను అమర్చే ఇంజనుకూ తెలియాలి.

ఫైలులో రాసేటప్పుడు ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి. కాబట్టి "ఉప్పు" 15 బైట్లు. జావాస్క్రిప్ట్ వంటి భాషలు లోపల యూటీఎఫ్-16 వాడతాయి. అక్కడ అదే మాట 5 యూనిట్లు. కంటికి కనిపించే అక్షరాల గుంపులను లెక్కించడానికి యూనికోడ్‌లో వేరే నియమావళి ఉంది. పాత నియమం పొల్లు దగ్గర విరిచి ఉ, ప్, పు అని మూడు లెక్కపెట్టేది. 2023లో వచ్చిన 15.1 కూర్పు తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపులలో సంయుక్తాక్షరాన్ని విరవకూడదని దిద్దింది, ఇప్పుడు రెండే. అంటే మన రెండో తరగతి పిల్లవాడి జవాబుకు ప్రమాణం చేరడానికి 2023 వరకు పట్టింది.

ఇక టెర్మినల్ సంగతి. టెర్మినల్ తెరను చదరంగం బల్లలా గడులుగా విభజించుకుంటుంది. ఒక ఇంగ్లీషు అక్షరానికి ఒక గడి. మా కుర్రవాడి టెర్మినల్ వాడిన లెక్కలో హల్లుకో అచ్చుకో ఒక గడి, పొల్లుకు, కొమ్ముకు సున్నా. ఆ లెక్కన "ఉప్పు" మూడు గడులు: ఉ ఒకటి, ప ఒకటి, రెండో ప ఒకటి. గీసేటప్పుడు రెండో ప ఒత్తుగా మారి మొదటి ప కిందికి వెళ్లిపోతుంది. మూడో గడికి బొమ్మ లేదు, కర్సర్ మాత్రం దాన్ని దాటి నిలబడుతుంది. మా కుర్రవాడి తెర మీద జరిగింది సరిగ్గా ఇదే. అతని టైపింగులోనూ తప్పు లేదు, ఫైలులోనూ తప్పు లేదు. గడుల లెక్క మన లిపికి కుట్టిన చొక్కా కాదు.

ఇటువంటి తేడాలు కొన్నిసార్లు పెద్ద నష్టమే తెచ్చాయి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా"కు సంబంధించిన ఒక గుర్తుల వరుస ఐఫోన్లలో మెసేజింగ్ యాప్‌లను కూల్చేసింది. ఆపిల్ అదే నెలలో ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేసింది. అక్షరాలను అమర్చే పని పైకి కనిపించేంత చిన్నది కాదనడానికి అది నిదర్శనం.

తుడిచే మీట విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు. "ప్పు" తరువాత బ్యాక్‌స్పేస్ నొక్కితే కొమ్ము ఒక్కటే పోవాలా, అక్షరం మొత్తం పోవాలా? గుణింతం మాత్రమే తప్పుగా పడితే దాన్నే దిద్దుకునే వీలుండాలని టైపు చేసేవారు అంటారు, చాలా ఎడిటర్లు అలాగే చేస్తాయి. కంటికి ఒకటిగా కనిపించేది ఒకటిగా పోవాలనీ, సగం పోయి పొల్లు మిగిలితే కొత్తవారు కంగారుపడతారనీ ఇంకొందరి వాదన. బాణం మీటల దగ్గర మాత్రం వివాదం తక్కువ: కర్సర్ అక్షరం మధ్యలో ఆగడం ఎవరికీ ఇష్టం ఉండదు.

మా జిల్లాకు దగ్గరైన ఇంకో ఉదాహరణ ఉంది. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, దానికి వాచకాలు, వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారని ఇక్కడ అందరికీ తెలుసు. సవరలకు సొంత లిపి కూడా ఉంది: మంగేయ్ గమాంగ్ 1936లో రూపొందించిన సోరాంగ్ సోంపెంగ్. యూనికోడ్ 2012లో 6.1 కూర్పులో దాన్ని చేర్చుకుంది, కానీ 69840 నుంచి మొదలయ్యే స్థానాల్లో. యూటీఎఫ్-16 ఒక యూనిట్‌తో చెప్పగలిగేది 65535 వరకే. అందువల్ల ఒక్క సవర అక్షరం అక్కడ 2 యూనిట్లు అవుతుంది, యూటీఎఫ్-8లో 4 బైట్లు. ఒక యూనిట్ అంటే ఒక అక్షరమే అనుకుని రాసిన ఎడిటర్ కర్సర్‌ను సవర అక్షరం నడుమ నిలబెడుతుంది. తెలుగులో బయటపడని తప్పు గుణుపురం దగ్గరి ఊళ్లలో రాసుకునే లిపిలో బయటపడుతుంది.

చిన్న రైలు, పెద్ద రైలు, భాషా సర్వర్లు

ఎడిటర్‌కు పైథాన్ తెలియాలి, జావా తెలియాలి, సీ తెలియాలి. 2016కు ముందు ఒక్కో ఎడిటర్‌కు ఒక్కో భాష గురించి విడిగా నేర్పవలసి వచ్చేది. 10 ఎడిటర్లు, 20 భాషలు ఉంటే 200 జోడింపులు రాయాలి. వాటిలో సగం అరకొరగా ఉండేవి.

మాకు దీన్ని వివరించడం తేలిక. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి నడిచిన చిన్న రైలు పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు. నౌపడ మీదుగా పోయే పెద్ద లైను పెట్టె ఈ పట్టాల మీదికి రాలేదు. సరుకు అక్కడ దింపాలి, మళ్లీ ఎక్కించాలి. గుణుపురం వరకు పోయే ఆ మార్గం బ్రాడ్‌గేజ్‌గా మారి 2011లో మళ్లీ నడిచినప్పటి నుంచి ఆ దింపుళ్లు, ఎక్కింపులు అవసరం లేకుండా పోయాయి. పట్టాల కొలత ఒకటైతే ఏ పెట్టె ఎవరు కట్టారన్నది అడ్డు కాదు.

లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్, అంటే ఎల్‌ఎస్‌పీ, అలాంటి కొలత. మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ సంస్థలు 2016లో దీన్ని ప్రకటించాయి. భాష గురించి తెలిసిన ప్రోగ్రాం విడిగా నడుస్తుంది. దాన్ని సర్వర్ అంటారు. ఎడిటర్ దానితో ఒప్పుకున్న రూపంలో సందేశాలు మార్చుకుంటుంది: ఈ వరుసలో ఈ స్థానం దగ్గర ఏ మాటలు సరిపోతాయి, ఈ పేరును ఎక్కడ నిర్వచించారు, తప్పులెక్కడున్నాయి. ఇప్పుడు 200 జోడింపులకు బదులు 10 ఎడిటర్లు, 20 సర్వర్లు, మొత్తం 30 రాస్తే సరిపోతుంది. విమ్ నుంచి చీలిన నియోవిమ్, ఈమాక్స్, జెడ్ కూడా ఈ ప్రోటోకాల్‌నే మాట్లాడతాయి.

అయితే "ఈ స్థానం" అన్న మాటలోనే లిపి తగువు మళ్లీ తలెత్తుతుంది. పైథాన్ 3లో వేరియబుల్‌కు తెలుగు పేరు పెట్టవచ్చు. "చింతపండు = ధర" అని ఒక వరుస రాశామనుకుందాం. "ధర" అన్నదాన్ని ముందుగా ఎక్కడా నిర్వచించలేదు, కాబట్టి దాని కింద ఎర్ర గీత పడాలి. "చింతపండు" యూటీఎఫ్-16లో 8 యూనిట్లు. తరువాత ఖాళీ, సమాన గుర్తు, ఖాళీ కలిపి 3. కాబట్టి తప్పు 11వ స్థానం తరువాత మొదలవుతుంది. సర్వర్ బైట్లలో లెక్కపెడితే 24కు 3 కలిపి 27. ఇటువారు యూనిట్లు, అటువారు బైట్లు అనుకుంటే గీత వరుస చివర కూడా దాటి ఎక్కడో పడుతుంది. ఇంగ్లీషు అక్షరాలతో రాస్తే రెండు లెక్కలూ ఒకటే కాబట్టి ఇటువంటి తప్పు పరీక్షలన్నీ దాటుకుని వచ్చేయగలదు. ప్రోటోకాల్ మొదటి నుంచి యూటీఎఫ్-16 లెక్కనే ప్రమాణంగా పెట్టుకుంది. 2022లో వచ్చిన 3.17 కూర్పు నుంచి ఎడిటర్, సర్వర్ ముందుగా మాట్లాడుకుని ఏ లెక్క వాడాలో ఎంచుకునే వీలు వచ్చింది.

ఒక ఎడిటర్, నాలుగు లైసెన్సులు

ఇప్పుడు స్టోర్‌లో దొరకని ఎక్స్‌టెన్షన్ దగ్గరికి వద్దాం. అందరూ ఎక్కువగా వాడే వీఎస్ కోడ్‌నే తీసుకుంటే పొరలు స్పష్టంగా కనిపిస్తాయి.

మూలపాఠం ఎంఐటీ కింద అందరికీ తెరిచి ఉంది. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మనం దించుకునే తయారైన ప్రోగ్రాం ఆ మూలపాఠానికి సంస్థ తన గుర్తు, వాడకం వివరాలు సేకరించే ఏర్పాటు వంటివి జోడించి కట్టినది. దానికి ఉన్నది సంస్థ సొంత లైసెన్సు. అదే మూలపాఠాన్ని ఆ జోడింపులు లేకుండా కట్టి ఇచ్చే ప్రాజెక్టు వీఎస్‌కోడియం.

మూడో పొర ఎక్స్‌టెన్షన్ల స్టోర్. మైక్రోసాఫ్ట్ మార్కెట్‌ప్లేస్ నిబంధనల ప్రకారం అక్కడివి ఆ సంస్థ విజువల్ స్టూడియో కుటుంబంలోని ఉత్పత్తులలో వాడడానికే. కాబట్టి చీలిక ఎడిటర్లు చాలావరకు ఎక్లిప్స్ ఫౌండేషన్ నడిపే ఓపెన్ వీఎస్ఎక్స్ అనే వేరే స్టోర్ మీద ఆధారపడతాయి. రచయిత అక్కడ కూడా పెడితేనే ఎక్స్‌టెన్షన్ అక్కడ దొరుకుతుంది.

నాలుగో పొర ఒక్కో ఎక్స్‌టెన్షన్ లైసెన్సు. పైథాన్‌నే చూడండి. మైక్రోసాఫ్ట్ పైథాన్ ఎక్స్‌టెన్షన్ ఎంఐటీ కింద ఉంది. దానికి తోడుగా వచ్చే భాషా సర్వర్ పైలాన్స్ మూసి ఉంది. ఆ పైలాన్స్ లోపల పనిచేసే పైరైట్ మళ్లీ ఎంఐటీ కింద తెరిచి ఉంది! ఒకే మీట నొక్కి ఎక్కించుకున్న సౌకర్యంలో తెరిచినది, మూసినది, తెరిచినది అని మూడు మడతలు. 2025 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్ట్ సీ, సీ ప్లస్ ప్లస్ ఎక్స్‌టెన్షన్ కర్సర్ అనే పేరుగల ఏఐ ఎడిటర్ వంటి చీలిక ఎడిటర్లలో పనిచేయడం ఆగినప్పుడు చాలామంది ఆశ్చర్యపోయారు; దాని లైసెన్సులో ఆ పరిమితి అంతకుముందు నుంచే ఉంది.

వాదనలు ఏమంటున్నాయి

సంస్థ పక్షం వారి మాట తేలికగా తీసివేయదగ్గది కాదు. మూలపాఠం పూర్తిగా ఇచ్చారు. ఇంజనీర్లకు జీతాలిచ్చి ఏళ్ల తరబడి పోషించారు. ఎల్‌ఎస్‌పీ లాంటి ప్రమాణాన్ని పోటీదారులు సైతం వాడుకునేలా బయటపెట్టారు. స్టోర్ నడపాలంటే సర్వర్లు, హానికరమైన ఎక్స్‌టెన్షన్లను ఏరివేసే మనుషులు కావాలి. ఆ ఖర్చు పెట్టేవారు దాన్ని ఎవరు వాడాలో చెప్పుకోవడం అన్యాయం కాదు. కర్సర్ వంటి ఎడిటర్లు కట్టే సంస్థలు ఎంఐటీ లైసెన్సు ఇచ్చిన వీలుతోనే మూసిన ఉత్పత్తులు కట్టి అమ్ముకుంటున్నాయి కదా అని కూడా అడుగుతారు.

రెండో పక్షం వాదన ఇది: ఎడిటర్ విలువ ఎక్స్‌టెన్షన్లలోనే ఉంది. వాటిని రాసేది లోకమంతా ఉన్న వాడుకరులు. వారి శ్రమ ఒకే స్టోర్‌లో పోగుపడి, ఆ స్టోర్ తలుపు ఒకే సంస్థ చేతిలో ఉంటే, మూలపాఠాన్ని చీల్చుకునే హక్కు కాగితం మీదే మిగులుతుంది. ఇల్లు కట్టుకోవచ్చు, బావి మాత్రం ముట్టుకోరాదు అన్నట్టు ఉంటుంది.

నాకు రెండో వాదనలో ఎక్కువ బలం కనిపిస్తుంది. అయినా సంస్థల చేతిలో ఉండడం ఒక్కటే ప్రమాదమని తేల్చడానికి చరిత్ర ఒప్పుకోదు. ఏటమ్ పూర్తిగా ఎంఐటీ కింద ఉండేది. మైక్రోసాఫ్ట్ 2018లో గిట్‌హబ్‌ను కొన్నది. 2022 డిసెంబరులో ఏటమ్‌ను ఆపేశారు. అయితే లైసెన్సు వల్ల దాని కోడ్ చావలేదు: పల్సర్ పేరుతో వాడుకరులు దాన్ని కొనసాగిస్తున్నారు, ఏటమ్ కోసం పుట్టిన ఎలక్ట్రాన్ అనే చట్రం మీదే ఇవాళ వీఎస్ కోడ్ నడుస్తోంది. మరోవైపు విమ్‌ను మూడు దశాబ్దాలు ప్రధానంగా మూలెనార్ ఒక్కరే నడిపారు. వాడేవారు ఇవ్వదలిస్తే ఉగాండా పిల్లల సహాయానికి ఇవ్వమని ఆయన కోరేవారు. మార్పులు ఆలస్యమవుతున్నాయని కొందరు 2014లో నియోవిమ్‌గా చీలారు. 2023 ఆగస్టులో మూలెనార్ మరణించాక తోటి నిర్వాహకులు విమ్‌ను అందుకుని నడుపుతున్నారు. ఒక్క మనిషి మీద ఆధారపడడంలోనూ బరువు ఉంది.

తేలిక, బరువు అన్న వివాదం కూడా అనుకున్నంత సూటిగా లేదు. ఎలక్ట్రాన్ ఎడిటర్ తనతో పాటు ఒక బ్రౌజరునే మోసుకొస్తుంది, మెమరీ తింటుంది అన్న ఫిర్యాదు న్యాయమే. కానీ ఆ బ్రౌజరు లోపల హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ఇంజను ఉంది. ఒత్తులు, గుణింతాలు అమర్చడం దానికి తెలుసు. అందుకే బరువైన ఎడిటర్‌లో "ఉప్పు" మొదటిరోజు నుంచి సరిగ్గా కనిపిస్తుంది, తేలికైన టెర్మినల్ ఎడిటర్‌లో గడి తప్పుతుంది. మెమరీ తక్కువ ఉన్నవారికి, సొంత లిపిలో రాసుకోవాలనుకునేవారికి ఒకే ఎడిటర్ సరిపోకపోవడం ఇక్కడే మొదలవుతుంది. మా ఊళ్లో ఈ ఇద్దరూ తరచుగా ఒకే మనిషి.

ఏఐ సహాయకుల విషయంలోనూ పొరల లెక్కే. మైక్రోసాఫ్ట్ 2025 జూన్‌లో గిట్‌హబ్ కోపైలట్ చాట్ ఎక్స్‌టెన్షన్ మూలపాఠాన్ని ఎంఐటీ కింద విడుదల చేసింది. మనం రాసిన కోడ్‌లో ఎంత భాగం, ఏ రూపంలో బయటికి పంపుతుందో ఇప్పుడు చదివి తెలుసుకోవచ్చు. జవాబిచ్చే మోడల్ మాత్రం వేరేచోట సర్వర్లలో ఉంటుంది, ఆ ఎక్స్‌టెన్షన్ లైసెన్సు దానికి వర్తించదు.

ఒక తప్పు ఎక్కడ దిద్దాలి

కర్సర్ గడి తప్పిందని తెలిశాక, దాన్ని దిద్దే చోటు వెతకడమే అసలైన పని. తప్పు ఫాంటులో ఉండవచ్చు, అమర్చే ఇంజనులో ఉండవచ్చు, టెర్మినల్‌లో ఉండవచ్చు, ఎడిటర్ వెడల్పు లెక్కలో ఉండవచ్చు. ఈ పొరలన్నీ తెరిచి ఉంటే ఒక్కొక్కటి విప్పి చూడవచ్చు. మధ్యలో ఒక్క పొర మూసి ఉన్నా అక్కడ ఆగి, ఫిర్యాదు రాసి ఎదురుచూడాలి.

తెరిచిన ప్రాజెక్టులో మార్పు చేరే తీరు ఇంచుమించు అంతటా ఒకటే. మొదట ఫిర్యాదు నమోదు అవుతుంది. తరువాత ఎవరో కోడ్ నకలు తీసుకుని దిద్దుతారు, ఆ మార్పును చేర్చమని కోరతారు. కొన్ని సంస్థలు ఇక్కడ హక్కుల ఒప్పందం మీద సంతకం అడుగుతాయి. యంత్రం పరీక్షలు నడుపుతుంది, నిర్వాహకులు చదివి ప్రశ్నిస్తారు, ఒప్పుకుంటారు లేదా తోసిపుచ్చుతారు. తోసిపుచ్చే హక్కు వారిది. ఆ మార్పుతో వేరే ఎడిటర్ కట్టుకునే హక్కు మనది. భారత లిపుల మీద వచ్చే ఫిర్యాదులు ఏళ్ల తరబడి కదలకపోవడానికి చాలాసార్లు కారణం నిర్లక్ష్యం కాదు. చదివే నిర్వాహకుడికి తెర మీద కనిపించేది తప్పో ఒప్పో తెలియకపోవడం.

మా కుర్రవాడు పైథాన్ కోసం పైరైట్ వాడుకుంటున్నాడు, ధరల పట్టిక పని సాగుతోంది. టెర్మినల్ తగువు మీద అతను రాసిన ఫిర్యాదులో మొదట "కర్సర్ సరిగ్గా లేదు" అని ఒక్క ముక్కే ఉండేది. ఇద్దరం కూర్చుని తిరగరాశాం: మాట ఉప్పు, కంటికి అక్షరాలు 2, గుర్తులు 5, బైట్లు 15, కర్సర్ దాటిన గడులు 3. పక్కన తెర ఫోటో, ఎక్కడ ఆగాలో అక్కడ ఎర్ర గీత. ఒడియా లిపిలోనూ ఒక మాట కావాలని అతనే అన్నాడు. ఒడియాలో ఉప్పును లుణ అంటారు: అక్షరాలు 2, గుర్తులు 3, బైట్లు 9, ఒత్తు లేదు గనుక గడులు కూడా 2, కర్సర్ సరిగ్గానే నిలబడింది. ఒత్తు ఉన్నచోటే లెక్క తప్పుతోందని ఆ రెండు వరుసలు పక్కపక్కన పెట్టగానే తేలిపోయింది. దాని కింద సవర అక్షరం ఒకటి చేర్చాలనుకున్నాం, కానీ అతని ల్యాప్‌టాప్‌లో ఆ లిపి ఫాంటు లేక ఖాళీ డబ్బా కనిపించింది. గుణుపురం నుంచి వచ్చే తోటి విద్యార్థి ఫోనులో ఉందన్నాడు. మూడో వరుస అతను వచ్చాక రాస్తాం.